ఉప్పు అడగని రొయ్య

అక్వేరియం చేపకు బతికున్న తిండి పెట్టాలనుకునేవాళ్లు రొయ్యల్ని ఇంట్లోనే పెంచుకోవచ్చు. కాకపోతే ఖమ్మంలో దొరికే ప్రతి రొయ్యా ఇంటి తొట్టిలో సంసారం చేయదు.

పాలేరు రొయ్య పేరెత్తితే ఖమ్మం జిల్లాలో ఎవరికైనా ముందు ఇగురే గుర్తొస్తుంది. అరచేతికి నిండుగా వచ్చే ఒళ్లు, నీలిరంగులో పొడుగాటి ముందుకాళ్లు, ఇక మీసాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కూసుమంచి మీదుగా వచ్చేవాళ్లు చాలామంది జలాశయం దగ్గర బండి ఆపకుండా రారు. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లకైతే బుట్టలో ఇంకా కదులుతున్న రొయ్యను చూడగానే కూరతోపాటు మరో ఆశ పుడుతుంది. రెండు ఆడవి, ఒక మగది పట్టుకెళ్లి తొట్టిలో వేస్తే, అవి పిల్లల్ని పెట్టుకుంటూ పోతే, మన ఆస్కార్ చేపకు ఏడాది పొడవునా విందే కదా అని.

ఆశ తప్పేం కాదు. రొయ్యే ఒప్పుకోదు.

తల్లి గుడ్లు పెడుతుంది. అవి పొదుగుతాయి కూడా. సూదిమొనంత పిల్లలు తలకిందులుగా, తోక ముందుకు పెట్టుకుని నీళ్లలో తేలుతుంటాయి. కొద్దిరోజుల్లో ఒక్కటీ మిగలదు. నీళ్లు మార్చినా, మోటారుతో గాలి పట్టించినా, గుడ్డు పచ్చసొన నలిపి వేసినా ఫలితం ఒకటే. ఆ పిల్లలకు కావలసింది ఉప్పు. పాలేరు నుంచి సముద్రం ఎంత దూరమైనా ఉండనీ, ఆ రొయ్య బాల్యం సముద్రం అంచునే గడవాలి. ఇంట్లో రొయ్యలు పెంచుదామనుకునేవాళ్లు దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, రంగు కాదు. దీని పిల్లలకు ఉప్పునీళ్లు కావాలా, అక్కర్లేదా?

ఖమ్మంలో నీళ్లకైతే కొదవ లేదు. ఇల్లెందు దారిలో ఉన్న ఖానాపురం హవేలి ఒకప్పుడు విడిగా ఉన్న ఊరు. 2012లో ఖమ్మం కార్పొరేషన్ అయినప్పుడు నగరంలో కలిసిపోయింది.  ఊళ్లో చెరువుంది. నగరంలో లకారం, పక్కనే మున్నేరు, ఇటు పాలేరు, అటు వైరా. ఇన్ని నీళ్ల మధ్య ఉన్నా హాల్లో గాజుపెట్టెలో తిరిగే చేపకు మాత్రం డబ్బాలో గుళికలే దిక్కు.

గుళికలతో చేప బతకదా అంటే, బతుకుతుంది. మంచి రకం తిండి వేస్తే పెరుగుతుంది కూడా. అయితే కొన్ని చేపలు గుళికను తిండిగానే గుర్తించవు. కేరళ, కర్ణాటకల్లో పశ్చిమ కనుమల నుంచి పారే నదుల్లో పుట్టే బఠాణీ పఫర్ అనే చిట్టి చేప అందుకు మంచి ఉదాహరణ. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దగా ఉండే ఈ చేప దృష్టిలో కదలనిది తిండి కాదు. ఎదురుగా గుళిక పడితే ఓ చూపు చూసి పక్కకు తప్పుకుంటుంది. రొయ్యపిల్ల ఒకటి నాచులోంచి అలా కదిలిందా, ఒళ్లు వంచి, రెండు కళ్లూ వేర్వేరుగా తిప్పుతూ దాని వెనకే పడుతుంది. ఫైటర్ చేపది అంత పట్టుదల కాదు. గుళిక వేస్తే తింటుంది, రొయ్యపిల్ల కనిపిస్తే వేటాడుతుంది. రెంటికీ తేడా తెలియాలంటే అక్వేరియం ముందు ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు.

రంగు సంగతీ ఉంది. చేప ఒంట్లోని ఎరుపు, నారింజ రంగుల్లో చాలా భాగం తిండిలోంచి రావలసిందే. ఆ వర్ణద్రవ్యాలను చేప సొంతంగా తయారు చేసుకోలేదు. రొయ్యలో అస్టాజాంథిన్ అనే పదార్థం ఉంటుంది. బతికున్నప్పుడు అది ఒక ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉండి నీలంగానో, బూడిదగానో కనిపిస్తుంది. పొయ్యి మీద వేడి తగిలి ప్రోటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. కూరలో రొయ్య ఎర్రబడేది అందుకే. చేప కడుపులోకి వెళ్లిన అస్టాజాంథిన్ దాని చర్మానికి చేరుతుంది.

బతికున్న తిండి అనగానే అక్వేరియం షాపుల్లో ఎర్రగా ముద్దకట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు చూపిస్తారు. చేపలు ఎగబడి తింటాయి, అనుమానం లేదు. అయితే అవి బతికేది మురుగు బురదలో. ఎక్కడి కాల్వలోంచి తీశారో, ఎన్నిసార్లు కడిగారో కొనేవాళ్లకు తెలియదు. కొత్త పురుగులు వేసిన వారానికే చేపలు పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి చనిపోతే పురుగును అనుమానించాల్సిందే. ఇంటి తొట్టిలో పుట్టి, ఇంటి నీళ్లలో పెరిగిన రొయ్యపిల్లతో ఆ బెంగ లేదు.

సోయా సాస్ మలుపు

పాలేరు రొయ్యను ఆక్వా రైతులు నీలకంఠ అంటారు, స్కాంపి అనీ అంటారు. శాస్త్రీయ నామం మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గీ. ఈ రొయ్య ఎక్కడ పుడుతుందో, పిల్లలు ఎందుకు చనిపోతున్నాయో అరవై ఏళ్ల కిందటి దాకా ప్రపంచంలో ఎవరికీ అంతుపట్టలేదు. మలేసియాలోని పెనాంగ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున పనిచేస్తున్న షావో వెన్ లింగ్ అనే చైనా శాస్త్రవేత్త పట్టువదలకుండా గుడ్ల రొయ్యల్ని తెచ్చి పొదిగించేవాడు. మంచినీళ్లలో పుట్టిన పిల్లలు మంచినీళ్లలోనే చనిపోయేవి. ఏం పెట్టినా తినేవి కావు. చివరికి విసుగొచ్చి, చేతికందిన తిండి పదార్థాలన్నీ ఒక్కొక్కటిగా వేసి చూస్తూ, భోజనాల బల్ల మీది సోయా సాస్ కూడా కాస్త కలిపాడని చెప్పుకుంటారు. ఆ గిన్నెలోని పిల్లలు బతికాయి. సాస్‌లో వాటికి పనికొచ్చింది సోయా కాదు, ఉప్పు. అది 1961 నాటి మాట.

తర్వాత హవాయిలో టకూజి ఫుజిమురా ఆ సూత్రం పట్టుకుని, పెనాంగ్ నుంచే తల్లి రొయ్యల్ని తెప్పించుకుని, 1960ల రెండో సగంలో పిల్లల్ని లక్షల్లో ఉత్పత్తి చేసే పద్ధతి రూపొందించాడు. ఇవాళ ప్రపంచంలో ఉన్న స్కాంపి హేచరీలన్నీ ఆ ఇద్దరికీ రుణపడి ఉన్నవే. లెక్క ఇలా ఉంటుంది. బాగా ఎదిగిన తల్లి ఒక్క విడతలో 80,000 నుంచి లక్ష గుడ్ల దాకా మోస్తుంది. పొదిగిన పిల్ల పదకొండు దశలు దాటాలి. అన్నాళ్లూ లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పున్న నీళ్లు, ఇంచుమించు 28 నుంచి 31 డిగ్రీల వేడి, ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి జీవుల తిండి కావాలి. రెండు వారాల నుంచి ఐదారు వారాలకు అది రొయ్య ఆకారం దాల్చి మంచినీళ్లకు సిద్ధమవుతుంది.

1990ల చివర్లో నెల్లూరు జిల్లా స్కాంపికి దేశంలోనే పెద్ద కేంద్రంగా వెలిగిందంటే తీరం పక్కనే ఉండి ఉప్పునీళ్లు అందడం ఒక కారణం. ఆ తర్వాత తోక తెల్లబడి పిల్లలు చనిపోయే వైరస్ జబ్బు హేచరీలను కుదిపేసింది. సాగు తగ్గింది, రైతులు వేరే రొయ్యకు మళ్లారు. ఇక్కడ పాలేరుకు, వైరాకు సముద్రం లేదు. 2017 తర్వాత తెలంగాణ మత్స్యశాఖ రిజర్వాయర్లలో స్కాంపి పిల్లల్ని వదలడం మొదలుపెట్టింది. చేప పిల్లల పథకం గురించి మాట్లాడుకున్నంతగా దీని గురించి మాట్లాడుకోరుగానీ, ఒక విషయం గమనించాలి. ఒకసారి వదిలేస్తే అవే పెరిగి, అవే పిల్లల్ని పెడతాయని అనుకోవడానికి లేదు. మళ్లీ రొయ్య కావాలంటే మళ్లీ పిల్లల్ని తెచ్చి పోయాల్సిందే. పాలేరులోనే పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. అయినా సముద్రం దగ్గర లేని లోటును ఎవరూ తీర్చలేరు కదా.

గోదావరి సొంత రొయ్యదీ ఇదే తంతు. మాక్రోబ్రాకియం మాల్కమ్‌సోనీ అనే ఈ రొయ్య నదిలో పెరుగుతుంది. దాని పిల్లలు ప్రవాహంతోపాటు నది నోటి దాకా కొట్టుకుపోయి, అక్కడి ఉప్పు కలిసిన నీళ్లలో ఒళ్లు చేసుకుని, మళ్లీ ఏటికి ఎదురీది వస్తాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ రాకపోకలకు అడ్డం పడింది. ఆనకట్ట దిగువన గుంపులుగా చేరి పైకి ఎగబాకే రొయ్యపిల్లల మీద శాస్త్రవేత్తలు పరిశీలనలు రాశారు. కాబట్టి గోదావరి రొయ్యను తొట్టిలో వేసుకున్నా వచ్చేది నిరాశే.

ఆఖరికి అక్వేరియం ప్రపంచానికి రొయ్యను అలవాటు చేసిన రొయ్యదీ ఇదే జాతకం. జపాన్‌కు చెందిన ఛాయాచిత్రకారుడు టకాషీ అమానో 1980ల్లో తన గాజు తోటల్లో పాకుడు తినడానికి ఒక రొయ్యను వాడాడు. దాన్ని ఇప్పుడు అమానో రొయ్య అనే పిలుస్తున్నారు. పాకుడు తినడంలో దానికి సాటి లేదు. పిల్లల దగ్గరకొచ్చేసరికి అదీ ఉప్పు అడుగుతుంది.

గాజు రొయ్య, ఎర్ర రొయ్య

మరి ఉప్పు అడగనివి ఏవి? రెండు దారులున్నాయి.

ఒకటి ఊరి చెరువుదే. చేపలకు వేసిన వలలో పరకలతో, చందమామలతో కలిసి వచ్చే చిన్న చిన్న గాజు రొయ్యలు ఖమ్మం చుట్టుపక్కల కొత్త కాదు. వీటిలో దేశమంతటా చెరువుల్లో, కాల్వల్లో కనిపించే రకం మాక్రోబ్రాకియం లమారై. ఒళ్లంతా పారదర్శకం. మేత తింటే పొట్టలో దిగడం బయటికే కనిపిస్తుంది. పెద్దదైనా ఆరేడు సెంటీమీటర్లకు మించదు. ఇది బతుకంతా మంచినీళ్లలోనే గడుపుతుంది. గుడ్లు నీలకంఠకున్నన్ని ఉండవుగానీ ఒక్కొక్కటీ పెద్దది, అందులో పిల్లకు కావలసిన సొన నిండా ఉంటుంది. పుట్టిన పిల్లలు కొద్దికాలం ఈదే దశలో ఉన్నా ఆ దశ ఉప్పు లేకుండానే దాటుతాయి. ఖర్చు లేదు, దూరం నుంచి తెప్పించుకోనక్కర్లేదు. చిక్కు ఒక్కటే, చెరువు రొయ్యతోపాటు చెరువు జబ్బులూ వస్తాయి. జలగ పిల్లలు, తూనీగ గుడ్లు, చేపలకు పట్టే పేలు అన్నీ ఆ ఒక్క మగ్గు నీళ్లలో ఉండొచ్చు. నేరుగా తెచ్చి చేపకు వేయకుండా నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి, తొట్టిలో పుట్టిన పిల్లల్నే మేతకు వాడాలి.

రెండోది అక్వేరియం షాపుల్లో చెర్రీ రొయ్య పేరుతో దొరికేది. నియోకారిడినా డేవిడీ. చైనా, తైవాన్ ప్రాంతాల వాగుల్లో పుట్టిన దీన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త బూవియే 1904లో వర్ణించాడు. సొంత వాగుల్లో ఇది ఎర్రగా ఉండదు. మట్టిరంగు, గోధుమరంగు, గాజురంగు. వాటిలో అక్కడక్కడా ఎర్రబారినవి ఏరి, వాటినే జతకట్టించి, తరాల తరబడి ఏరుతూ పోతే ఇవాళ్టి చెర్రీ వచ్చింది. పసుపు, నీలం, నారింజ కూడా అలా వచ్చినవే. రంగురంగుల రొయ్యల్ని ఒకే తొట్టిలో కలిపి పెంచితే కొన్ని తరాలకు పిల్లలు మళ్లీ మట్టిరంగుకే తిరుగుతాయి. రంగు కోసం పెంచేవాళ్లకు అది నష్టం. మేత కోసం పెంచేవాళ్లకు అదే లాభం. రంగు తప్పిన పిల్లల్ని ఎవరూ కొనరు కాబట్టి అడిగితే చవగ్గా ఇస్తారు. చేపకేమో రంగుతో పనిలేదు.

చెర్రీ రొయ్య గొప్పతనమంతా పిల్లను కనే తీరులోనే ఉంది. ఆడదాని మెడ వెనక, పెంకు కింద, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో ఒక మచ్చ కనిపిస్తుంది. గుర్రం మీద జీనులా ఉంటుందని పెంచేవాళ్లు దాన్ని శాడిల్ అంటారు. అవి అండాశయంలో తయారవుతున్న గుడ్లు. ఆడది పెంకు విడవగానే నీళ్లలోకి ఒక వాసన వదులుతుంది. అప్పటిదాకా మూల మూలకు నక్కి పాకుడు గోకుతున్న మగవి ఒక్కసారిగా తొట్టి అంతా చక్కర్లు కొడతాయి. కొత్తగా పెంచేవాళ్లు నీళ్లలో విషం పడిందేమోనని హడలిపోయేది ఈ సందడి చూసే. జతకట్టాక గుడ్లు మెడ నుంచి పొట్ట కిందికి చేరతాయి. ఇరవై నుంచి ముప్ఫై దాకా ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే తల్లి పొట్ట కింది చిన్న కాళ్లు ఆగకుండా విసనకర్రల్లా కదులుతుంటాయి. గుడ్లకు గాలి ఆడాలి, బూజు పట్టకూడదు. అప్పుడప్పుడు ముందుకాలితో ఒక్కో గుడ్డునూ తడిమి, పాడైనదాన్ని తీసి పారేస్తుంది. రోజులు గడిచేకొద్దీ గుడ్డులో రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి పిల్ల కళ్లు. నీళ్ల వేడిని బట్టి మూడు నాలుగు వారాల్లో రెండు మిల్లీమీటర్ల పిల్ల బయటికొస్తుంది. అది తలకిందులుగా తేలే లార్వా కాదు, అచ్చం తల్లి పోలికే. పుట్టిన రోజే నాచు పట్టుకుని పాకుడు గోకడం మొదలుపెడుతుంది. లక్ష గుడ్లు పెట్టే నీలకంఠ ఇంటి తొట్టిలో ఒక్క పిల్లను బతికించుకోలేదు. పాతిక గుడ్లు పెట్టే చెర్రీ ఇంచుమించు పాతికనూ బతికించుకోగలదు. మీసాలకేం, రొయ్యకు లేవా బారెడు అని సామెత. ఇక్కడ పొట్టి మీసాల రొయ్యదే పైచేయి.

గోలెం సంసారం

పెంచడానికి ఖరీదైన గాజుపెట్టె అక్కర్లేదు. అరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు, పాత సిమెంటు గోలెం ఇంకా మేలు. కొత్త గోలెం అయితే సిమెంటు సున్నం దిగిపోయేదాకా కొన్ని వారాలు నీళ్లు పోసి పారబోస్తూ నానబెట్టాలి. అడుగున కాస్త ఇసుక, నిండా జావా మాస్ అనే నాచు, గాలి మోటారుకు తగిలించిన స్పాంజి ఫిల్టరు. మామూలు ఫిల్టరు పెడితే పిల్లలన్నిటినీ లోపలికి లాగేస్తుంది. స్పాంజి అయితే లాగదు సరికదా, దాని మీద పట్టిన జిగురే పిల్లలకు తిండి.

నీళ్ల విషయంలో ఖమ్మం వాళ్ల అదృష్టం కాస్త బాగుంది. పప్పు ఉడకని బోరు నీళ్లని ఇంట్లో తిట్టుకునే నీళ్లే చెర్రీ రొయ్యకు నచ్చుతాయి. పెంకు కట్టుకోవడానికి కాల్షియం కావాలి. వాటర్ ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లలో ఆ ఖనిజాలు దాదాపు ఉండవు. శుభ్రమైనవి కదా అని అవి పోస్తే రొయ్య పెంకు విడవలేక సగంలో ఇరుక్కుని చనిపోతుంది. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు ఎండలో ఉంచి వాడాలి. కాల్షియం చాలదనిపిస్తే ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో తెల్లటి ముక్క అమ్ముతారు, కటిల్ చేప ఎముక అది. చిన్న ముక్క వేస్తే మెల్లగా కరుగుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది తొందర వల్ల. ఉదయం తొట్టి నింపి సాయంత్రం రొయ్యల్ని వేస్తారు. రొయ్య విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండదు. అది స్పాంజికి పట్టడానికి నాలుగు వారాలైనా పడుతుంది. అప్పటిదాకా నాచు వేసి, ఫిల్టరు నడిపి, చిటికెడు చేప మేత వేస్తూ ఖాళీ తొట్టినే పెంచాలి. గోడకు పచ్చటి పాకుడు పట్టిందంటే తొట్టి సిద్ధమవుతోందని లెక్క. తెచ్చిన రొయ్యల్ని కూడా కవరు విప్పి గుమ్మరించకూడదు. మందుల షాపులో దొరికే సెలైన్ పైపు ఒకటి కొని, తొట్టిలోని నీళ్లను చుక్క చుక్కగా రొయ్యలున్న గిన్నెలోకి గంటా రెండు గంటలు వదిలితే అవి కొత్త నీళ్లకు అలవాటు పడతాయి. పెంకు విడిచిన డొల్ల కనిపిస్తే చచ్చిన రొయ్యనుకుని తీసేయొద్దు. అందులోని ఖనిజాల కోసం రొయ్యలే దాన్ని తినేస్తాయి.

తిండికి పెద్ద ఖర్చు లేదు. చెట్టు మీదే పండి రాలిన బాదం ఆకు ఎండబెట్టి ఒకటి వేస్తే రెండు మూడు వారాలు వస్తుంది. నీళ్లు తేనీరు రంగుకు తిరుగుతాయి, ఆకు మీద పట్టిన జిగురును పిల్లలు రాత్రింబవళ్లు గోకుతూనే ఉంటాయి. జామ ఆకూ పనికొస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించిన సొరకాయ ముక్కో, పాలకూరో వేసి, మిగిలింది మర్నాటికల్లా తీసేయాలి.

పాలకూర దగ్గరే ఒక హెచ్చరిక. ఖమ్మం తేజా మిర్చికి పేరున్న మార్కెట్. మిర్చి అంటేనే మందులు. పురుగుమందు పురుగును చంపడానికి తయారైంది, రొయ్య పురుగుకు దగ్గరి చుట్టం. కీటకాల మందుల్లో చాలావాటికి, ముఖ్యంగా పైరిత్రాయిడ్లకు, మనిషికి ఏమీ అనిపించని మోతాదులోనే రొయ్యలు పల్టీలు కొట్టి చనిపోతాయి. తెగుళ్లకు కొట్టే రాగి మందులూ అంతే. చేపల జబ్బులకు షాపులో ఇచ్చే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. మందు కొట్టిన ఆకుకూర ఎంత కడిగినా నమ్మలేం. పెరట్లో పండిందైతేనే వేయాలి. వానాకాలంలో కాలనీకి ఫాగింగ్ బండి వచ్చినప్పుడు తొట్టి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలి మోటారు ఆపేసి, పొగ పోయాక తీయాలి. దోమల నివారణ సిబ్బంది నిల్వ నీళ్లు చూసి అబేట్ మందు చల్లినా రొయ్యలకు ముప్పే. అలాగని వాళ్లతో తగువు పెట్టుకోవడం సరికాదు, డెంగీ దోమ పెరిగేది ఇలాంటి తొట్లలోనే. తొట్టి మీద దోమతెర బిగించి కడితే ఇద్దరి బాధా తీరుతుంది. అదే తెర తూనీగనూ రానివ్వదు. తూనీగ గుడ్డు పెట్టిపోతే నీళ్లలో పెరిగే దాని పిల్ల రోజుకు నాలుగైదు రొయ్యపిల్లల్ని పట్టి తినగలదు. రొయ్యలు ఎందుకు తగ్గుతున్నాయో తెలియక నీళ్లు మార్చేవాళ్లు ముందు తొట్టి అడుగున వెతకాలి.

ఎండాకాలం లెక్క

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు ఎండ. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం బెల్టులో పగటి వేడి 44 డిగ్రీలు దాటడం మామూలే. డాబా మీది టబ్బులో నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి. చెర్రీ రొయ్యకు 22 నుంచి 28 దాకా హాయి. అర్జెంటీనా పరిశోధకులు 24, 28, 32 డిగ్రీల దగ్గర వీటిని పెంచి చూస్తే 32 దగ్గర గుడ్లు పెట్టే ప్రక్రియే స్తంభించింది. తుర్కియేలో చేసిన మరో అధ్యయనం ఇంకా విచిత్రమైన సంగతి బయటపెట్టింది. 20 డిగ్రీల దగ్గర పెరిగిన పిల్లల్లో ఎక్కువ భాగం ఆడవైతే, 26 దగ్గర ఎక్కువ భాగం మగవి. అంటే మన వేసవి రొయ్యను చంపకపోయినా మగవాటితో తొట్టి నింపుతుంది. వాటితో వంశం పెరగదు.

దీనికి ఏసీ అక్కర్లేదు. తొట్టిని డాబా మీంచి దించి ఉత్తరం వైపు వరండాలోకో, బాత్రూమ్ మూలకో మార్చాలి. చుట్టూ తడి గోనెపట్టా కప్పి, నీళ్ల మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే పొడి ఎండాకాలంలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు నీళ్లు కలుపుతుండాలి. ఐసు సీసాలు వేయడం చాలామంది చేసే పనేగానీ, ఒక్క గంటలో ఐదారు డిగ్రీలు పడిపోతే రొయ్యకు వేడికన్నా అదే ఎక్కువ ప్రమాదం. వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి కరెంటు పోయే వేళలకు బ్యాటరీ మోటారు ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇంత చేస్తే చేపకు దక్కేదెంత? పన్నెండు ఆడ రొయ్యలున్న తొట్టి అనుకుందాం. ఒక్కోటి నెలకో విడత పాతిక పిల్లల్ని పెడితే మూడు వందలు. సగం బతికితే నూటయాభై. వంశానికి యాభై వదిలితే మేతకు వంద, అంటే రోజుకు మూడు. ఆస్కార్ చేపకు మూడు రొయ్యలంటే అరక్షణం పని. అరచేయంత చేపను రొయ్యలతో సాకుదామనుకుంటే ఇల్లంతా గోలేలే పెట్టాలి. ఫైటర్‌కు, బఠాణీ పఫర్‌కు, చిన్న సిక్లిడ్‌లకు మాత్రం రోజుకు మూడు పిల్లలంటే కడుపునిండా భోజనం. పెద్ద చేపలకు ఇది ఆదివారం స్పెషల్ అనుకోవడం నయం.

చేపపిల్లల్ని పెంచేవాళ్లకు కూడా రొయ్య సరైన దారి కాదు. వాళ్లకు ఆర్టీమియా ఉంది. లీటరు నీళ్లకు పాతిక, ముప్ఫై గ్రాముల ఉప్పు కలిపి గుడ్లు వేస్తే ఒక రోజులో పొదుగుతాయి. ఉప్పు లేని దారి కావాలంటే మోయినా అనే చిట్టి నీటిపురుగు ఉంది. పచ్చనీళ్లలో వారంలోపే గుంపు కడుతుంది. రొయ్య వాటంత వేగంగా పెరగదు. దానికున్నదల్లా ఓపిక. ఆర్టీమియా మంచినీళ్లలో పడ్డ కొన్ని గంటల్లో చనిపోయి కుళ్లుతుంది. రొయ్యపిల్ల చేప కంట పడేదాకా అక్వేరియంలోనే పాకుడు తింటూ తిరుగుతుంది. వేసే ముందు రోజు రొయ్యలకు మంచి మేత పెడితే ఆ పోషకాలూ చేపకే చేరతాయి.

మిగిలిన రొయ్యల్ని చెరువులో వదిలేస్తే పుణ్యమని ఎవరైనా అనుకుంటే ఆపాలి. చెర్రీ రొయ్య పొరుగు దేశం సరుకు. జర్మనీలో థర్మల్ కేంద్రం నుంచి వెచ్చటి నీళ్లు కలిసే గిల్‌బాఖ్ అనే వాగులో ఎవరో వదిలిన చెర్రీ రొయ్యలు స్థిరపడి గుంపులు కట్టాయి. చలి దేశంలోనే అలా అయితే, పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాలున్న మన జిల్లాల్లో అడగనే అక్కర్లేదు. అక్వేరియం చేప ఊరి మీద పడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గాజుపెట్టె అద్దాలు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప చెరువుల్లోకి చేరి, దెయ్యం చేపగా పేరు తెచ్చుకుని, వలలు చింపుతూ, పెంచుకున్న చేపల మేత తింటూ రైతుల్ని ఏడిపిస్తోంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ జాడలు పరీక్షించి తూర్పు కనుమల జలవనరుల్లో అది ఎంతగా పాకిందో చూపించారు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలను ముంచినప్పుడు ఇళ్లలోని అక్వేరియంల సంగతి ఎవరు పట్టించుకున్నారు? లోతట్టు కాలనీల్లో ఉన్నవాళ్లు చెర్రీ జోలికి పోకుండా చెరువు గాజు రొయ్యనే పెంచుకోవడం తెలివైన పని. అది కొట్టుకుపోయినా తన ఇంటికే వెళ్తుంది.

మొదలుపెట్టడానికి మంచి కాలం దసరా తర్వాత. ఎండ తగ్గి నీళ్లు పాతిక డిగ్రీల దగ్గర నిలుస్తాయి, వేసవికన్నా ఆడపిల్లలు ఎక్కువ పుట్టే రోజులవి. ముప్ఫై రొయ్యలతో మొదలుపెట్టి శివరాత్రి దాకా ఒక్కటీ తీయకూడదు. పిల్లలు పెరిగి గుడ్డుకు రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి అప్పటికి రెండో తరం గుడ్లతో కనిపిస్తుంది. ఆ తర్వాత మేతకు తీయొచ్చు, ఒక్కసారి మూడో వంతుకు మించకుండా. ఉగాది దాటాక ఆ నియమం సడలించొచ్చు. గుంపు ఎక్కువైతే ఎండకు ముందు చచ్చేది గుంపే. ఏప్రిల్‌లో మగవాటిని, రంగు తప్పినవాటిని, ముసలివాటిని చేపలకు పెట్టేసి, గుడ్డుకొచ్చిన ఆడవి ఎక్కువ ఉండేలా ముప్ఫై నలభై మిగుల్చుకుని నీడలోకి చేర్చాలి. జూన్‌లో వానలు పడి నీళ్లు 28కి దిగాక అవి మళ్లీ గుడ్లు కడతాయి.